ఇన్‌కమింగ్ బంద్, నకలు మాత్రం చేరాలి

మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు తహసీల్దారు కార్యాలయంలో ఒక రైతు రెండెకరాలు కొన్నాడనుకుందాం. వేలిముద్రలు పడ్డాయి, ఫొటో తీశారు, అధికారి ఒక మీట నొక్కగానే పాత పట్టాదారు పేరు పోయి కొత్త పేరు వచ్చింది. 2020 అక్టోబరు 29న తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైనప్పటి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు దగ్గరే జరుగుతున్నాయి. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చినా ఆ పద్ధతి అలాగే ఉంది. అయితే మారిన ఆ పేరు ఉండేది నెల్లికుదురులో కాదు, ఎక్కడో దూరాన ఉన్న డేటా సెంటర్లో. అక్కడి డేటాబేస్‌లో అదొక చిన్న వరుస.

అలాంటి డేటాబేస్‌కు రెండు కట్టుబాట్లు ఉంటాయి. బయటివాళ్లెవరూ దాన్ని తాకకూడదన్నది మొదటిది. దాని నకలు మరో ఊళ్లో ఎప్పటికప్పుడు తాజాగా సిద్ధంగా ఉండాలన్నది రెండోది. మొదటి పనిని ఫైర్‌వాల్ చూసుకుంటుంది. రెండో పని పేరు రెప్లికేషన్. ఒకటేమో ఎవరినీ దగ్గరకు రానివ్వదు. మరొకటి రాత్రీ పగలూ అవతలి ఊరితో మాట్లాడుతూనే ఉండాలంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదిరేదెలా?

నకలు ఎందుకంటే

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటరులో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. వాటిలో చాలావరకు తర్వాత కోలుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ మాత్రం పోయింది. అందులో ఉన్నది 858 టెరాబైట్లు. అంత పెద్దదానికి బయట నకలు పెట్టలేదు. సాంకేతికతలో ముందున్న దేశానికే ఆ దెబ్బ తగిలింది.

మన దగ్గర నిప్పు కంటే నీటి భయం ఎక్కువ. 2024 సెప్టెంబరు 1 నాటి వానకు మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. నెల్లికుదురుకు కేసముద్రం పక్క మండలమే. రికార్డులన్నీ ఒకే గదిలో ఉండి, ఆ గదిలోకి అలాంటి నీళ్లు వస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే డేటా సెంటర్లను ఒకదానికొకటి దూరంగా కడతారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తన తొలి జాతీయ డేటా సెంటరును 2008లో హైదరాబాద్‌లో పెట్టింది. ఆ తర్వాత 2010లో పుణె, 2011లో ఢిల్లీ, 2018లో భువనేశ్వర్ వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం ధరణి నిర్వహణను అప్పగించింది కూడా 2024 డిసెంబరు 1 నుంచి ఈ ఎన్‌ఐసీకే. దూరం పెరిగితే ఒకే ప్రమాదం రెండు చోట్లనూ దెబ్బతీసే అవకాశం తగ్గుతుంది. కాని మధ్యలో దాటాల్సిన ఫైర్‌వాల్‌లు పెరుగుతాయి.

గోడ అంత గట్టిగా ఎందుకంటే

2017 మే 12న వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి వాడే 445వ నంబరు పోర్టు (పోర్టు అంటే ఏమిటో పెట్టె 1లో ఉంది) తెరిచి ఉండి, భద్రతా అప్‌డేట్ వేయని చోటల్లా అది దూరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. మహబూబాబాద్ జిల్లాకు కరెంటు ఇచ్చే వరంగల్ ఎన్‌పీడీసీఎల్ కూడా ఆ జాబితాలో ఉంది.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది ఇంకా పెద్దది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేసి పెట్టారు. ఆసుపత్రి చాలా రోజులు కాగితాల మీదే నడిచింది. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అంటే లోపలి భాగాల మధ్య ఉండాల్సిన గోడలు లేవు. ఆసుపత్రి వాడే ఈ-హాస్పిటల్ వ్యవస్థలోని సమాచారం తిరిగి దొరకడానికి కారణం మాత్రం, దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు. ముంచింది గోడ లేకపోవడం, తేల్చింది నకలు ఉండటం. ఒకదానికోసం రెండోదాన్ని వదులుకోలేమని ఆ ఒక్క ఘటనే చెబుతుంది.

ఫైర్‌వాల్ నిజానికి ఏం చూస్తుంది?

నెట్‌వర్క్‌లో సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. ప్రతి ప్యాకెట్ మీదా ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి వెళ్లాలి, ఏ పోర్టుకు అన్న వివరాలుంటాయి. ఫైర్‌వాల్ ఆ వివరాలను తన నియమాల జాబితాతో పోల్చి చూస్తుంది. జాబితాలో అనుమతి ఉంటే పోనిస్తుంది, లేకపోతే ఆపేస్తుంది. గట్టి ఫైర్‌వాల్‌లో చివరి నియమం ఎప్పుడూ ఒకటే: పైన రాయనిదంతా నిషేధం.

1990ల నుంచి ఫైర్‌వాల్‌లకు జ్ఞాపకం కూడా వచ్చింది. సంభాషణను ఎవరు మొదలుపెట్టారో అవి గుర్తుంచుకుంటాయి. లోపలి కంప్యూటర్ బయటికి ఒక ప్రశ్న పంపితే, దానికి వచ్చే జవాబును లోపలికి రానిస్తాయి. అడగకుండా వచ్చిన ప్యాకెట్‌ను మాత్రం పడేస్తాయి.

ఇన్‌కమింగ్ బంద్ చేసిన ఫోన్‌ను ఊహించుకోండి. బయటివాళ్లు ఎంత చేసినా అది మోగదు. ఆ ఫోన్ ఉన్నవాళ్లు తామే డయల్ చేస్తే మాత్రం కాల్ కలుస్తుంది. కలిశాక మాట రెండు వైపులా నడుస్తుంది. అవతలివాళ్లు ఎంతసేపైనా చెప్పొచ్చు, ఇవతలివాళ్లు వినొచ్చు. నిషేధం మాట మీద కాదు, డయల్ చేయడం మీద. ఫైర్‌వాల్ దాటి నకలు పంపే విద్య అంతా ఈ తేడాలోనే ఉంది.

పెట్టె 1: పోర్టు అంటే
ఒకే సర్వరులో ఎన్నో ప్రోగ్రాములు నడుస్తుంటాయి. వచ్చిన ప్యాకెట్ వాటిలో దేనికో తెలియాలంటే ఒక అంకె కావాలి. ఆ అంకే పోర్టు. సురక్షిత వెబ్‌సైట్లకు 443. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు 5432, మైఎస్‌క్యూఎల్‌కు 3306, ఒరాకిల్‌కు 1521. చాలా కార్యాలయాల్లో బయటికి వెళ్లడానికి 443 తప్ప మరేదీ తెరిచి ఉండదు. అందుకే బ్రౌజరులో వెబ్‌సైట్ తెరుచుకున్న కంప్యూటర్‌లోనే డేటాబేస్ కనెక్షన్ మాత్రం కలవదు.

పంపేది పుస్తకం కాదు, చిట్టా

నకలు తాజాగా ఉంచాలంటే మొత్తం డేటాబేస్‌ను గంటగంటకూ పంపాలా? అక్కర్లేదు. ప్రతి మంచి డేటాబేస్‌కూ ఒక అలవాటు ఉంది. ఏ మార్పు చేయాలన్నా, చేసే ముందే దాన్ని ఒక చిట్టాలో వరుసగా రాసుకుంటుంది. ఫలానా సర్వే నంబరులో ఫలానా పేరు తీసి ఫలానా పేరు పెట్టు అన్నది అందులో ఒక పద్దు. మధ్యలో కరెంటు పోయినా, తిరిగి లేచాక చిట్టా చదువుకుని ఆగినచోటు నుంచి కొనసాగుతుంది.

మొదట ఈ చిట్టా పుట్టింది సొంత రక్షణ కోసమే. ఆ తర్వాత ఇంజినీర్లకు తట్టింది: ఇదే చిట్టాను మరో ఊళ్లోని డేటాబేస్‌కు పంపితే? అది కూడా అదే వరుసలో అవే మార్పులు చేసుకుంటే, రెండూ ఒకేలా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో చిట్టాను ఇలా ఎప్పటికప్పుడు ప్రవాహంగా పంపే సౌకర్యం 2010లో వచ్చింది.

పని మూడు అడుగుల్లో సాగుతుంది. మొదట అసలు డేటాబేస్‌కు ఒక పూర్తి ప్రతి తీస్తారు. తర్వాత, ఆ ప్రతి తీయడం మొదలైనప్పుడు చిట్టా ఏ పద్దు దగ్గర ఉందో గుర్తుపెట్టుకుంటారు. ఇక అక్కడినుంచి కొత్త పద్దులు మాత్రమే పంపుతూ పోతారు. చిట్టాలో ప్రతి పద్దుకూ వరుస సంఖ్య ఉంటుంది కాబట్టి, లైను తెగినా నకలు వైపు సర్వరు తన దగ్గర ఎంతవరకు ఉందో చెబితే చాలు. మిగతాది అక్కడినుంచి వస్తుంది.

ఈ మూడింటిలో బరువైనది మొదటి అడుగు. 500 గిగాబైట్ల డేటాబేస్‌ను సెకనుకు 10 మెగాబిట్ల లైను మీద పంపితే దాదాపు నాలుగున్నర రోజులు పడుతుంది, అదీ లైను ఒక్కసారి కూడా తెగకపోతే. అలాంటిచోట తొలి ప్రతిని హార్డ్ డిస్కులో పెట్టి, తాళం వేసి, మనిషితో పంపడమే మేలు. తర్వాతి చిట్టా సన్నని లైను మీద కూడా హాయిగా నడుస్తుంది.

డయల్ చేయాల్సింది ఎవరు?

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లోనైనా మైఎస్‌క్యూఎల్‌లోనైనా కనెక్షన్‌ను మొదలుపెట్టేది నకలు ఉన్న సర్వరు. అది అసలు సర్వరుకు డయల్ చేసి, చిట్టా పంపమని అడుగుతుంది. అసలు సర్వరు గట్టి ఫైర్‌వాల్ వెనక ఉంటే ఆ కాల్ దానికి ఇన్‌కమింగ్ అవుతుంది. ఇన్‌కమింగ్ బంద్. కాబట్టి కలవదు.

తొందరపడేవాళ్లు ఇక్కడ ఒక తప్పు దారి పడతారు. పోర్టును ప్రపంచమంతటికీ తెరిచేస్తారు. నకలు పని చేస్తుంది. దాంతోపాటు, తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్‌ను రేయింబవళ్లు గాలించే ప్రోగ్రాములకు ఆ డేటాబేస్ కనిపించిపోతుంది. సరైన దారులు మూడు.

ఒకటి, ఇరుకైన నియమం. ఫలానా చిరునామా నుంచి, ఫలానా చిరునామాకు, ఒకే పోర్టు మీద మాత్రమే అనుమతి. రెండు కేంద్రాలకూ స్థిరమైన చిరునామాలు ఉంటే, మధ్యలో ప్రత్యేక లైను ఉంటే ఇది సరిపోతుంది. అయినా పంపే సమాచారానికి గుప్తీకరణ ఉండాలి, రెండు సర్వర్లూ సర్టిఫికెట్లతో ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. నకలుకు ఇచ్చే లాగిన్‌తో చిట్టా చదవడం తప్ప ఏ రికార్డునూ మార్చడం కుదరకూడదు.

రెండు, డయల్ చేసే వైపును మార్చడం. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. దాంతో అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత కనెక్షన్ పద్ధతిని రాశారు. అందులో ఒక సదుపాయం మన చిక్కును విప్పుతుంది. ఫైర్‌వాల్ లోపలి యంత్రం తానే బయటికి డయల్ చేసి, నకలు ఉన్న కేంద్రంతో ఒక గుప్త మార్గం కలుపుతుంది. ఫైర్‌వాల్‌కు ఇది అవుట్‌గోయింగ్ కాబట్టి, దానికి అనుమతి రాసి ఉంటే చాలు. మార్గం కలిశాక దాని అవతలి కొసన, నకలు సర్వరుకు తన పక్కనే ఒక పోర్టు కనిపిస్తుంది. నకలు ఆ పోర్టుకు మామూలుగానే డయల్ చేస్తుంది. ఆ పిలుపు అప్పటికే కలిసి ఉన్న మార్గంలోంచి వెనక్కి నడిచి అసలు డేటాబేస్‌ను చేరుతుంది. బయటినుంచి కొత్తగా ఎవరూ ఫోన్ చేయలేదు, నకలు మాత్రం అడగాల్సింది అడిగేసింది. రెండు నెట్‌వర్క్‌ల మధ్య గుప్త మార్గం వేసే వీపీఎన్‌లు కూడా ఇదే సూత్రంతో, ఇంకాస్త స్థిరంగా ఈ పని చేస్తాయి.

మూడు, అసలు లైవ్ కనెక్షనే పెట్టుకోకపోవడం. చిట్టాను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క నిండగానే ఫైలుగా బయటి సర్వరుకు తోసేయడం. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో ముక్క మామూలుగా 16 మెగాబైట్లు. నకలు కేంద్రం తీరిగ్గా ఆ ఫైళ్లు తీసుకుని చదువుకుంటుంది. కొన్ని నిమిషాలు వెనకబడినా పరవాలేదనుకునే చోట, కట్టుబాట్లు మరీ కఠినంగా ఉన్నచోట ఇదే నమ్మకమైన దారి.

ఎంచుకున్నది ఏ దారి అయినా నెట్‌వర్క్ అధికారి రాతపూర్వక అనుమతితోనే జరగాలి. ఎవరికీ చెప్పకుండా వేసిన గుప్త మార్గానికి కాపలా ఉండదు. వేసినవారు బదిలీ అయిపోయాక అది ఉందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

కలిసిన లైను ఎందుకు చచ్చుబడుతుంది?

మొదటిరోజు బాగా నడిచిన రెప్లికేషన్ తర్వాత ఎప్పుడో మూగబోవడం ఈ పనిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. తరచూ కనిపించే కారణాలు మూడు.

మొదటిది నిశ్శబ్దం. ఫైర్‌వాల్ జ్ఞాపకానికి హద్దుంది. ఒక కనెక్షన్‌లో కొంతసేపు ఏమీ నడవకపోతే దాన్ని మరచిపోతుంది. సెలవురోజు కార్యాలయంలో రిజిస్ట్రేషన్లు లేవు, చిట్టాలో పద్దులు లేవు, లైను మీద చప్పుడు లేదు. సోమవారం తొలి పద్దు బయల్దేరేసరికి ఆ కాల్ ఎప్పుడు కలిసిందో ఫైర్‌వాల్‌కు గుర్తుండదు. రెండు కొసలూ మాత్రం లైను ఉందనే అనుకుంటూ ఉంటాయి. లినక్స్ కంప్యూటర్ డిఫాల్టుగా 2 గంటల నిశ్శబ్దం తర్వాతే అవతలివాళ్లు ఉన్నారా అని పలకరిస్తుంది. చాలా ఫైర్‌వాల్‌లు అంతకు ముందే మరచిపోతాయి. మందు సులువు: పలకరింపుల మధ్య వ్యవధి తగ్గించడం. పోస్ట్‌గ్రెస్ నకలు ప్రతి 10 సెకన్లకూ తన స్థితిని చెప్పుకోవడం కూడా కొంతవరకు ఇందుకు పనికొస్తుంది.

రెండోది ప్యాకెట్ సైజు. దీని సంగతి కింది పెట్టెలో ఉంది.

మూడోది పేరుకుపోయిన చిట్టా. నకలు ఇంకా తీసుకోని పద్దులను అసలు సర్వరు చెరిపేయకుండా దాచిపెట్టేలా అమర్చుకోవచ్చు. లైను ఒక గంట తెగితే ఇది వరం. వారాల తరబడి తెగి, ఎవరూ గమనించకపోతే చిట్టా పెరిగి పెరిగి డిస్కు నిండుతుంది. అప్పుడు ఆగేది నకలు కాదు, అసలే ఆగిపోతుంది. ఇంతకంటే ఎక్కువ దాచవద్దని హద్దు పెట్టే వీలు పోస్ట్‌గ్రెస్‌లో 2020లో వచ్చింది. హద్దు పెడితే నకలును మళ్లీ మొదటినుంచి కట్టాల్సి రావచ్చు. పెట్టకపోతే అసలు సర్వరే ప్రమాదంలో పడవచ్చు. తెలివైనవాళ్లు హద్దు పెట్టి, నకలు ఎంత వెనకబడిందో చూపే అలారం కూడా పెట్టుకుంటారు.

పెట్టె 2: లాగిన్ అవుతుంది, డేటా రాదు
మామూలు నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు ఉంటుంది. గుప్త మార్గంలో వెళ్లేటప్పుడు దాని చుట్టూ మరో కవరు చేరుతుంది కాబట్టి లోపల చోటు తగ్గుతుంది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ అందుకే లోపలి ప్యాకెట్‌ను మామూలుగా 1420 బైట్లకు కుదిస్తుంది. ప్యాకెట్ పెద్దదైతే దారిలోని రూటరు ఇది పట్టదు, తగ్గించి పంపమని కబురు పంపుతుంది. కొన్ని ఫైర్‌వాల్‌లు అతి జాగ్రత్తతో ఆ కబురును కూడా ఆపేస్తాయి. ఫలితం విచిత్రంగా ఉంటుంది: లాగిన్ లాంటి చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి, నిండు ప్యాకెట్లతో డేటా మొదలవగానే అంతా స్తంభిస్తుంది. పాస్‌వర్డ్‌లు ఎన్నిసార్లు మార్చినా లాభం ఉండదు. ప్యాకెట్ సైజు తగ్గిస్తే తీరిపోతుంది.

వెలుతురుకూ సమయం పడుతుంది

రైతు పేరు మారిందని తెర మీద చూపించే ముందే నకలు కేంద్రంలో కూడా రాసేశారా? దీనికి రెండు పద్ధతులున్నాయి. అవతలినుంచి అందింది అన్న జవాబు వచ్చేదాకా ఆగడం ఒకటి. ఇక్కడ పని ముగించేసి, చిట్టాను వెనకాలే పంపుకోవడం రెండోది.

మొదటి పద్ధతిలో ఒక్క పద్దు కూడా పోదు. కాని వెలుతురు గాజు తీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలిదారిలో దాదాపు 1,250 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి తీగ తిన్నగా ఉన్నా 12.5 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంత డబ్బు పెట్టినా అంతకంటే తగ్గదు. ఒక్క రిజిస్ట్రేషన్‌కు అది లెక్కలోకి రాదు. రోజుకు లక్షల లావాదేవీలు ఒకదాని వెనక ఒకటి వరుస కట్టే బ్యాంకుకు అది బరువే. పైగా లైను తెగితే జవాబు రాదు కాబట్టి ఇక్కడి పని కూడా ఆగుతుంది. అందుకే సాధారణంగా దగ్గరి నకలుకు మొదటి పద్ధతి, దూరపు నకలుకు రెండోది వాడతారు.

రెండో పద్ధతిలో ఉన్న ప్రమాదాన్ని, ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌హబ్ సంస్థ 2018 అక్టోబరు 21న చూసింది. అమెరికా తూర్పు తీరంలోని దాని ప్రధాన డేటా సెంటరుకు 43 సెకన్లపాటు నెట్‌వర్క్ తెగింది. అసలు సర్వర్లు పోయాయనుకుని, స్వయంచాలక వ్యవస్థ పశ్చిమ తీరంలోని నకళ్లను అసళ్లుగా ప్రకటించేసింది. అప్పటికి తూర్పున రాసిన కొన్ని పద్దులు పశ్చిమానికి చేరలేదు. ఆ తర్వాత పశ్చిమాన కొత్త పద్దులు పడ్డాయి. రెండు చిట్టాలు రెండు దారులు పట్టాయి. వాటిని సరిచేసి సేవలు పూర్తిగా నిలబెట్టడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. భూమి రికార్డులో ఇలా జరిగితే ఒకే సర్వే నంబరుకు రెండు చోట్ల ఇద్దరు పట్టాదారులు కనిపిస్తారు. లైను తెగినప్పుడు నకలును అసలుగా మార్చే నిర్ణయం తొందరపాటుతో కాదు, నిర్ధారణతో జరగాలనేది అందుకే.

నకలు ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనా?

కాదు. రెప్లికేషన్ నమ్మకమైన బంటు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, తప్పు చెప్పినా సరే. ఎవరైనా పొరపాటున వెయ్యి పేర్లు చెరిపేస్తే, ఆ చెరిపివేత కూడా చిట్టాలో ఒక పద్దే. క్షణాల్లో అది నకలును చేరి అక్కడ కూడా వెయ్యి పేర్లను చెరిపేస్తుంది.

2017 జనవరి 31న గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్ సంస్థలో నకలు వెనకబడిపోయింది. దాన్ని ఖాళీ చేసి మళ్లీ కడదామనుకున్న ఇంజినీరు చెరిపివేత ఆదేశాన్ని పొరపాటున అసలు సర్వరు మీద ఇచ్చారు. తేరుకునేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలింది. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్‌లు చాలాకాలంగా విఫలమవుతున్నాయని అప్పుడే తెలిసింది. మరో పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక ప్రతి దొరకబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల మార్పులు మాత్రం పోయాయి.

కాబట్టి నకలుతోపాటు పాత తేదీల ప్రతులు వేరుగా ఉండాలి. వాటిలో ఒకటైనా ఏ నెట్‌వర్క్‌కూ తగలకుండా, రాసినదాన్ని మార్చలేని విధంగా ఉండాలి. ప్రమాదం తర్వాత పని వెంటనే కొనసాగడానికి నకలు, జరిగిన తప్పును వెనక్కి తిప్పడానికి బ్యాకప్.

పరీక్షించని నకలు లెక్కలోకి రాదు

ఇంత చేశాక మిగిలేది ఒక ప్రశ్న: ఈ నకలు నిజంగా పని చేస్తుందా? దాన్ని అసలుగా మార్చి చూస్తే తప్ప తెలియదు. అప్పుడు ఫైర్‌వాల్ సంగతి మళ్లీ ముందుకొస్తుంది. ఇన్నాళ్లూ నియమాలన్నీ అసలు కేంద్రం చిరునామాల మీదే రాసి ఉంటాయి. నకలు కేంద్రం అసలు అవగానే మండల కార్యాలయాల కంప్యూటర్లు కొత్త చిరునామాకు డయల్ చేయాలి, చిట్టా ఎదురు దిశలో ప్రవహించాలి. ఆ నియమాలు ముందుగా రాసి లేకపోతే, డేటా అంతా భద్రంగా ఉండి కూడా ఎవరికీ అందదు.

బ్యాంకుల విషయంలో దీనికి గట్టి నియమం ఉంది. రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో ఇచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఆదేశాల ప్రకారం, కీలక వ్యవస్థలకు కనీసం ఆరు నెలలకోసారి ఇలాంటి విన్యాసం జరపాలి. పేరుకు కాసేపు నడిపి ఆపేస్తే కుదరదు. ఉదయం తలుపులు తెరిచింది మొదలు రాత్రి లెక్కలు ముగిసేదాకా కనీసం ఒక పూర్తి పనిదినం నకలు కేంద్రం మీదే నడవాలి. అదే కొలతను భూమి రికార్డులకూ, ఆసుపత్రి రికార్డులకూ, రేషన్ జాబితాలకూ పెట్టి అడగడం పౌరులుగా మన హక్కు. నకలు ఉందా అని అడిగితే ఉందనే జవాబు వస్తుంది. చివరిసారి ఒక రోజంతా దాని మీద పని నడిపింది ఏ తేదీన అని అడగాలి. దానికి తేదీతో జవాబు చెప్పగలిగితేనే ఆ నకలును నమ్మొచ్చు.